మా కుండ కలవడం లేదు

మొదటి పలక

కుండ కలవకపోతే ఆ సంగతి ఆ ఇంటి ఇల్లాలే తన చేత్తో రాసి పెట్టాలని కచేరీ నియమం. అందుకని రాస్తున్నాను. పలక నిండగానే బాపిరాజు గారు పట్టుకెళ్ళి కొత్త పలక ఇస్తారట. నాకు చదువు కొంచెమే. తప్పులుంటే కచేరీ వారే దిద్దుకోవాలి.

పొద్దున గొట్టంలో పాలు వచ్చాయి. కాచి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, నిన్నటి పెరుగు ఒక గరిటె తోడు వేశాను. రోజూ చేసేదే. మా దిగువపేట నేల అడుగున ఉంటుంది కాబట్టి ఈ తేమకి కాగితం నిలవదు. ఇనుప పెట్టెల జ్ఞాపకం తాతల కాలంలో వచ్చిన ఆ పెద్ద మెరుపుతో పోయింది. అప్పటినుంచీ ఊరి దస్త్రాలన్నీ పెరుగులోనే ఉంటున్నాయి. ఒక్కో దస్త్రాన్ని మూడేసి ఇళ్ళ కుండల్లో పెంచుతారు. మాకూ, ఎదురింటి అచ్చియ్యమ్మ గారికీ, పక్కింటి పేరంటాలు పిన్నికీ ఒకే దస్త్రం. మూడింట్లో ఒక కుండ చెడితే, మిగతా రెండిళ్ళ తోడుతో దానంతట అదే కుదుటపడుతుందని కచేరీ వారు చెబుతారు. దానంతట అదే అంటే ఆడవాళ్ళ చేత అని అర్థం.

ఇవాళ శుక్రవారం, మా వీధి తనిఖీ. కచేరీ బాపిరాజు గారు నాలుక పట్టుకుని వచ్చారు. నాలుక అంటే చెక్క పిడికి బిగించిన సన్నని రేకు. దాన్ని కుండలో ముంచితే, అది మిగతా రెండింటిలో ఒక్కదానితోనైనా కలిస్తే పచ్చ దీపం, దేనితోనూ కలవకపోతే ఎర్ర దీపం వెలుగుతుంది. అచ్చియ్యమ్మ గారింట పచ్చ. పేరంటాలు పిన్ని ఇంట పచ్చ. మా ఇంట ఎర్ర.

"ఏవమ్మా, పాత్ర మార్చావా?" అని అడిగారు.

తల అడ్డంగా ఊపాను. పరాయివాళ్ళతో నాకు మాటలు రావు.

"అవతల రెండూ ఒక మాట మీదున్నాయి. నీదొక్కటే వేరే మాటంటోంది. తేడా నీ దాంట్లోనే ఉందన్నమాట."

మా ఆయన పనికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగారు. "మాది ఏవంటోందండీ?" అన్నారు.

"అది నాకెందుకు బాబూ? కలిసిందా, లేదా. అంతవరకే నా ఉద్యోగం. లోపలేముందో చదవాలంటే ఊరి అధ్యక్షుల వారి అనుమతి కావాలి, పెద్ద నాలుక కావాలి. అధ్యక్షుల వారికి చదివే తీరికెక్కడిది?"

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. కలవని కుండకి మొదటి వారం పాత్ర మార్చాలి. రెండో వారం చోటు మార్చాలి. మూడో వారం మనిషిని మార్చాలి. మనిషిని మార్చడమంటే గది ఖాళీ చేయించి, కుండ కడిగి, ఇంకో జంటకి ఇవ్వడం.

నేను వెనక్కి తిరిగి మా గది తలుపు వైపు చూశాను. మా పెళ్ళయ్యాక చాలాకాలం ఆయన మగవాళ్ళ హాల్లో, నేను ఆడవాళ్ళ హాల్లో ఉన్నాం. నీళ్ళ పంపు దగ్గర వరుసలో నిలబడి ఒకరినొకరు చూసుకునేవాళ్ళం. అంతే కాపురం. కుండ పెంచుతామని ఒప్పుకున్నాక జంటల వీధిలో ఈ గది ఇచ్చారు. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. అయినా తలుపు ఉంది. ఈ గదికి వచ్చాకే మేమిద్దరం మాట్లాడుకోవడం మొదలుపెట్టాం.

బాపిరాజు గారు చెడ్డవారు కారు. అక్కడికక్కడే కుదుర్చుదామని అచ్చియ్యమ్మ గారి గుమ్మంలో నిలబడి ఒక గరిటె తోడు అడిగారు.

"శుక్రవారం పూట ఇంట్లోంచి తోడు ఎవరైనా ఇస్తారా బాబూ? లక్ష్మిని గిన్నెలో పోసి పంపించెయ్యమంటారా?" అన్నారు ఆవిడ.

"మా వీధుల జాబితాలో మీ వీధికి శుక్రవారమే పడిందండీ."

"అయితే జాబితా మార్పించుకోండి. లక్ష్మికి వారాలు మార్చడం నా వల్ల కాదు."

ఆయన పిన్ని ఇంట అడిగినా ఇదే మాట. చివరికి తన పలక మీద 'వాతావరణం అనుకూలించనందున మరమ్మతు జరగలేదు' అని రాసుకున్నారు. "రేపు నువ్వే వెళ్ళి అడిగి తెచ్చుకోమ్మా. పాత పెరుగు పారబోసి, ఆవిడ తోడుతో కొత్తగా వేసుకో. సరిపోతుంది" అని చెప్పి వెళ్ళారు.

నేనే వెళ్ళి అడగాలట.


రెండో పలక

శనివారం గిన్నె కొంగు చాటున పెట్టుకుని అచ్చియ్యమ్మ గారింటికి వెళ్ళాను. అక్కడ అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్ళు గిన్నెలతో ఉన్నారు. వీధిలో ఆవిడ పెరుగుకి అంత పేరు. కత్తితో కోస్తే ముక్క వస్తుందంటారు. ఈమధ్య అందరూ ఆవిడ తోడే పట్టుకెళుతున్నారు. "వదినా, నీ తోడు వేశాక మా ఆయన కంచం నాకేస్తున్నాడే" అని ఒకావిడ అంటోంది. అందరూ నవ్వారు.

"నువ్వేంటి తాయారూ, గిన్నె తెచ్చావు?" అన్నారు అచ్చియ్యమ్మ గారు.

అందరూ నా వైపు చూశారు. నా పెరుగు పులుపు. నీళ్ళలా ఉంటుంది. అది అందరికీ తెలుసని నాకు తెలుసు. అడిగితే, 'ఇన్నాళ్ళూ పాపం త్రిమూర్తులు ఎలా తిన్నాడే' అంటారు.

(బాపిరాజు గారికి: పై వాక్యంలో మా ఆయన పేరు రాసేసి చెరిపాను. తడిచేత్తో చెరిపినా కనబడుతుంటే మళ్ళీ చెరపగలరు.)

"ఊరికే అత్తయ్యగారూ, చూసి పోదామని" అన్నాను.

"గిన్నెతో చూసి పోతావా?" అని నవ్వి, గిన్నె లాక్కుని నిండా పుట్టగొడుగులు పోసి పంపించారు.

ఆదివారం పేరంటాలు పిన్ని ఇంటికి వెళ్ళాను. పిన్నీ, గవర్రాజు బాబాయీ పోట్లాడుకుంటున్నారు. వాళ్ళు ఎప్పుడూ పోట్లాడుకుంటూనే ఉంటారు కాబట్టి ఆగడానికి వేళంటూ ఉండదు. గుమ్మంలో కాసేపు నిలబడి వచ్చేశాను.

సోమవారం మళ్ళీ అచ్చియ్యమ్మ గారింటికి గిన్నెతో వెళితే మళ్ళీ పుట్టగొడుగులే వచ్చాయి. మా ఆయన కంచంలోకి చూసి, "ఈ వారం ఎక్కువ మొలిచాయా?" అన్నారు. నేను ఇంకో గరిటె వడ్డించాను. ఆయన నా పెరుగు కలుపుకుని ఎప్పటిలాగే ఒక్క మాట అనకుండా తిన్నారు. తినేటప్పుడు ఒక కన్ను కొంచెం మూసుకుంటుంది. అది పులుపుకే అని నాకు తెలుసు.


మూడో పలక

రెండో శుక్రవారం. పాత్ర మార్చినా ఎర్ర దీపమే. ఇక చోటు మార్చాలి. మా గదిలో చోటంటూ రెండే ఉన్నాయి, మంచం పైన, మంచం కింద. కుండ మంచం కిందికి వెళ్ళింది.

వీధివాళ్ళంతా చూడ్డానికి వచ్చారు. మా వీధిలో ఎర్ర దీపం మా ఒక్క ఇంటిదే. వెనక వరుసలో ఎప్పుడూ తేడా వచ్చే కుండలు కూడా ఈసారి పచ్చగానే వెలిగాయట. ఊరు పుట్టాక ఇంత బాగా కలిసిన వీధి ఇంకోటి లేదని కచేరీలో మిఠాయి కూడా పంచారట. బాపిరాజు గారు ఆ సంగతి చెబుతూ నా వైపు చూసి ఆపేశారు.

పేరంటాలు పిన్ని నడుం మీద చెయ్యి వేసుకుని కుండని పరీక్షగా చూసింది.

"ఇదిగో బాపిరాజూ, నే చెబుతా విను. కుండకి మాటలు వినపడాలి. వీళ్ళిద్దరూ మూగాళ్ళలాగ ఉంటారు. అది బెంగ పెట్టేసుకుంది. మా ఇంట్లో చూడు, రోజంతా మాటలే. మా కుండ ఎప్పుడైనా ఎర్రగా వెలిగిందా?"

"మా ఇంట్లో అవి మాటలు కావండీ, తిట్లు" అన్నారు గవర్రాజు బాబాయి వెనకనుంచి.

"తిట్లు మాటలు కావా? నువ్వు నోర్ముయ్."

బాపిరాజు గారు ఇది కూడా రాసుకున్నారు. పద్ధతిలో లేకపోయినా, పనిచేస్తే చేరుస్తామన్నారు. అందుచేత ఈ వారమంతా పొద్దున కొంచెంసేపు, సాయంత్రం కొంచెంసేపు మా ఆయన మంచం కిందికి వంగి కుండతో మాట్లాడాలని ఆజ్ఞ. ఆయన పైకి కిందికి మనుషుల్ని మోసే గిలక దగ్గర పని చేస్తారు. ఏం మాట్లాడాలో తెలియక గిలక భాగాల పేర్లు వరసగా చెప్పారు. ఇరుసు, పళ్ళ చక్రం, తాడు, కొక్కెం. చివర్న, "మా ఆవిడని భయపెట్టకు" అన్నారు.

నేను వినలేదనుకున్నారు.

మంగళవారం నాటికి వీధి చివర గోడకి రంగు వేస్తున్నారు. గురువారం పెద్ద సభ జరుగుతుందట. అన్ని కుండలూ ఒకే మాట మీద ఉన్న వీధిగా మమ్మల్ని సన్మానిస్తారట. అధ్యక్షుల వారు స్వయంగా వచ్చి, వీధిలో మేలైన కుండని పెద్ద నాలుకతో అందరి ముందూ చదివిస్తారట. మేలైనది ఎవరిదో చెప్పక్కర్లేదు. అచ్చియ్యమ్మ గారు కుండకి పసుపు రాసి బొట్టు పెట్టారు.

మా ఇంటి తలుపు మీద మటుకు చూసేవాళ్ళకి బాగుండదని ఒక తెర కట్టి వెళ్ళారు.


నాలుగో పలక

గురువారం పొద్దున అడిగేశాను. ఎలా అడిగానో గుర్తులేదు. ఎల్లుండికి గది ఉండదు అన్న ఒక్క మాట తలలో పెట్టుకుని వెళ్ళి, "అత్తయ్యగారూ, తోడు" అన్నాను. ఆవిడ సభ హడావిడిలో ఉండి నన్ను సరిగ్గా చూడను కూడా లేదు, ఒక గరిటె తీసి గిన్నెలో పడేశారు. ఇంతేనా, ఇంతకోసమా అనిపించింది. సభ నుంచి వచ్చాక మా పెరుగు పారబోసి, ఈ తోడుతో వేద్దామని గిన్నె మూత పెట్టి వెళ్ళాను.

సభలో అధ్యక్షుల వారు పెద్ద కుర్చీలో కూర్చున్నారు. బాపిరాజు గారు పెద్ద నాలుకని అచ్చియ్యమ్మ గారి కుండలో ముంచి, పక్కనున్న గాజు పలక మీద తేలిన అక్షరాలు గట్టిగా చదవడం మొదలుపెట్టారు. మా మూడిళ్ళదీ ఈ వీధి గదుల దస్త్రం. ఏ గది ఏ జంటదో అందులో ఉంటుంది. అందుకని అందరం మా పేర్లు వస్తాయని చెవులు రిక్కించాం.

"ప్రియమైన జంటల వీధి వాసులారా" అని చదివి, ఆయన ఆగారు. మళ్ళీ చదివారు. "ఈ శుభదినాన మీ ముందు నిలబడి నాలుగు ముక్కలు చెప్పే భాగ్యం కలిగినందుకు..."

అధ్యక్షుల వారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఇది నా ఉపన్యాసమే!" అన్నారు.

నిజమే. ఆ మధ్య వారి పుట్టినరోజు నాడు వారి ఉపన్యాసాన్ని పెరుగులోకి ఎక్కించి, ఇంటింటికీ ఒక చిన్న ముంత పంచారు. మా ముంత మా ఆయన అదే పూట అన్నంలో కలుపుకుని తినేశారు.

"అవునండి, మీరు పంచిందేనండి" అన్నారు అచ్చియ్యమ్మ గారు మురిసిపోతూ. "మా గొట్టం పాలతో అలాగ రాదు కదండీ. మీది వెన్న తీసెయ్యని పాలు. ఎంత బాగా తోడుకుందో! పారబోయబుద్ధి కాక ఆ తోడే అట్టేపెట్టుకున్నాను. వీధంతా నా దగ్గరే పట్టుకెళ్ళారు."

అప్పుడు నాకు తట్టింది. ఇన్నాళ్ళూ వీధిలో తోడు అడిగి తెచ్చుకోనిదాన్ని నేనొక్కదాన్నే. నా తోడు అడగడానికి ఎవరూ వచ్చిందీ లేదు.

బాపిరాజు గారి మొహం పాలిపోయింది. వంగి మెల్లిగా, "మరి గదుల దస్త్రం ఏదండీ? వెనక వరుస నీళ్ళ వంతుల దస్త్రం ఏదండీ?" అన్నారు.

"బాపిరాజూ" అన్నారు అధ్యక్షుల వారు. వారి కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి. "ఇంతమంది ఇల్లాళ్ళు, ఎవరూ చెప్పకుండా, నా మాటల్ని రోజూ పాలుపోసి పెంచుకుంటున్నారు. రెండు కుండలు ఒక మాటంటే అదే నిజమని కదా మన నియమం? ఇక్కడ వీధి మొత్తం అంటోంది. ఇదే దస్త్రం. అలా నమోదు చెయ్యి."

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అందరూ కొడుతుంటే కొట్టకుండా ఎలా ఉంటాం.


ఐదో పలక

కచేరీలో ఏ దస్త్రం నమోదైనా గుమాస్తాలు అందులోని ప్రకారం పనులు చేసేస్తారు. వాళ్ళకి గురువారం ఉపన్యాసం అందింది. మధ్యాహ్నానికల్లా టముకు వేసే మనిషి మా వీధికి వచ్చాడు.

ఉపన్యాసంలో అధ్యక్షుల వారు 'ఈ వీధి నా ఇల్లు, మీరంతా నా కన్నబిడ్డలు' అన్నారట. దాని ప్రకారం ఈ వీధి గదులన్నీ వారివి. మేమంతా వారి పిల్లలం. అంటే మాలో మేం అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం. జంటలు కానివాళ్ళు జంటల వీధిలో ఉండరాదు. రేపు శుక్రవారం తనిఖీ కాగానే మగవాళ్ళు మగవాళ్ళ హాలుకి, ఆడవాళ్ళు ఆడవాళ్ళ హాలుకి వెళ్ళాలి. అచ్చియ్యమ్మ గారికి మటుకు దస్త్రం నిలబెట్టినందుకు గది ఉంచేస్తారట.

నేను ఇంటికి వచ్చి తెచ్చుకున్న తోడు ముందు కూర్చున్నాను. ఇది వేస్తే మా కుండ కలుస్తుంది, కాబట్టి మమ్మల్ని మార్చరు. కానీ మేం అన్నాచెల్లెళ్ళమైపోతాం, కాబట్టి పంపించేస్తారు. వెయ్యకపోతే కుండ కలవదు, మూడో వారం, మనిషిని మారుస్తారు. ఎటు తిప్పినా గది పోతుంది.

మా ఆయన పని మధ్యలో భోజనానికి వచ్చి కంచం ముందు కూర్చున్నారు. నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆయన చూసుకోకుండా ఆ గిన్నెలోది అన్నంలో కలిపేశారు. "ఎంత బాగుందో!" అన్నారు. తర్వాత నా మొహం చూశారు. "అంటే, మరీ తియ్యగా ఉంది" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది.

ఇంతలో వీధిలో గోల. ఆడవాళ్ళంతా మూటలు కట్టుకుని అధ్యక్షుల వారి ఇంటికి బయల్దేరారు. పేరంటాలు పిన్ని నన్ను కూడా చెయ్యి పట్టి లాక్కుపోయింది.

అధ్యక్షుల వారు గుమ్మంలోకి వచ్చి, "ఏంటమ్మా ఇదంతా?" అన్నారు.

"ఏంటంటారేంటి నాన్నగారూ? పుట్టింటికొచ్చాం" అంది వెనక వరుస భాగ్యవతి. ఆమెకి ఏడో నెల. "నాకిది మొదటి కానుపు. పుట్టింట్లోనే కదా పురుడు పోసుకోవాలి? ఏ గదిలో దిగమంటారు?"

"అమ్మా, అది మాటవరసకి..."

"మొన్న పండక్కి పసుపూ కుంకుమా పెట్టలేదు. చీరా లేదు. సరేలెండి, మీకూ గుర్తులేదు, మాకూ గుర్తులేదు" అంది ఇంకొకావిడ, అరుగు మీద మూట దింపుతూ.

"అమ్మ ఏదండీ? లోపలుందా?" అని మరొకావిడ నేరుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపలినుంచి అధ్యక్షుల వారి భార్య గొంతు వినపడింది. "ఏవండోయ్! ఎంతమందండీ? నాకెప్పుడూ చెప్పలేదే!"

అధ్యక్షుల వారు బాపిరాజు గారికి కబురు పెట్టారు. ఆయన రాగానే, "ఆ దస్త్రం కొట్టెయ్. అది ఒట్టి ఉపన్యాసం" అన్నారు.

"నేను కొట్టెయ్యలేనండీ" అన్నారు బాపిరాజు గారు చేతులు కట్టుకుని. "మూడు కుండల్లో రెండు ఏ మాట మీదుంటే అదే నిజమని మీరే సంతకం పెట్టారు. మనిషి మాట మీద దస్త్రం మారదు, అధ్యక్షుల వారి మాట మీద కూడా. రేపు తనిఖీలో గదుల దస్త్రం రెండు కుండల్లో కనబడితే దానంతట అదే మారుతుంది. పాత దస్త్రం ఒక్క కుండలోనే మిగిలినట్టుంది." అని నా వైపు తిరిగారు. "ఈ అమ్మాయిది. ఆ కలవనిది."

అందరూ మళ్ళీ నన్ను చూశారు. నేను పేరంటాలు పిన్ని వెనక్కి వెళ్ళాను.


ఆరో పలక

ఇంకొక్క కుండ కావాలి. అచ్చియ్యమ్మ గారిదైనా, పిన్నిదైనా. రేపు శుక్రవారం, తోడు చేతులు మారదు. ఇవ్వాలంటే ఇవాళే ఇవ్వాలి.

అచ్చియ్యమ్మ గారు తలుపు కూడా పూర్తిగా తియ్యలేదు. "కోస్తే ముక్కొచ్చే పెరుగు పారబోసి, నీ నీళ్ళు పోసుకోమంటావా? నా గది నాకుందిగా" అన్నారు. అన్నాక తలుపు వెయ్యబోతూ ఆగి, "వేరేగా అనుకోకమ్మాయ్" అన్నారు. అనుకోక ఏం చేస్తాం.

పిన్ని గుమ్మం ముందు నిలబడ్డాను. లోపల పోట్లాట లేదు. పిన్ని హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. బాబాయి ఒక మూల కూర్చుని ఉన్నారు.

"అన్నయ్యా, ఆ చెంబు ఇలా అందుకో" అంది పిన్ని.

"అలా పిలవకే బాబూ" అన్నారు బాబాయి ఏడుపు మొహంతో.

"దస్త్రం ప్రకారం పిలుస్తున్నా." పిన్ని నన్ను చూసి కళ్ళెగరేసింది. "ఏంటే తాయారూ? ఇన్నేళ్ళకి నా ప్రాణం సుఖంగా ఉంది. హాల్లో అయితే వంట చెయ్యక్కర్లేదు, వీడి గురక వినక్కర్లేదు. నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు. నీ పులిసిన మజ్జిగ నాకొద్దు."

నేను వెళ్ళిపోలేదు. గిన్నె రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాను.

"పిన్నీ" అన్నాను. "నాకు హాల్లో ఉండడం ఇష్టం లేదు."

"ఎందుకో?"

"ఆయన కావాలి."

నేను ఇంత మాట అన్నానని నాకే నమ్మకం కలగలేదు. వెనక అప్పటికే ఆడవాళ్ళు పోగయ్యారు. ఎవరో ఈల వేశారు.

పిన్ని లేచి వచ్చి గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. పెళ్ళిలో ఆడబిడ్డలు కొత్త పెళ్ళికూతుర్ని ఆపుతారే, అలాగ. "ఎవరు కావాలో పేరు చెప్పు. చెబితేనే లోపలికి. మీ పెళ్ళప్పుడు చెప్పమంటే నోట్లో నోట్లో గొణిగి తప్పించుకున్నావు. నేను చూశాను. ఇప్పుడు అవతలి సందుకి వినపడాలి."

"పిన్నీ, వద్దు."

"అయితే రేపు మూట కట్టుకో."

నేను కళ్ళు మూసుకున్నాను. చెప్పాను. గట్టిగానే చెప్పాను. ఎంత గట్టిగానంటే, గిలక పని ముగించుకుని వీధి మలుపు తిరుగుతున్న ఆయనకి వినపడి, ఎవరో పిలుస్తున్నారనుకుని "ఆఁ, వస్తున్నా!" అని పరుగెత్తుకు వచ్చారు. పిలిచింది నేనని తెలిసి, సంచీ జారవిడిచి అలాగే నిలబడిపోయారు.

ఆడవాళ్ళు ఎంత నవ్వారో చెప్పలేను. పిన్ని కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒకసారి వెనక్కి తిరిగి మూలనున్న బాబాయిని చూసింది. ఆయన చెంబు పట్టుకుని ఇంకా అలాగే ఉన్నారు.

"ఏడిశావులే. ఆ చెంబు అక్కడ పెట్టు" అంది. ఈసారి అన్నయ్యా అనలేదు.

తన కుండలోది మొత్తం బాబాయి కంచంలో బోర్లించి, కుండ కడిగించి, నా గిన్నెలోంచి ఒక వేలు ముంచి నాలిక మీద వేసుకుంది. ఒక కన్ను మూసుకుపోయింది.

"తల్లీ! ఇది తింటున్నాడా వాడు?" అంది. "వాణ్ణి నువ్వు వదులుకోకు."


ఏడో పలక

శుక్రవారం తనిఖీ. మా ఇంట పచ్చ దీపం. పిన్ని ఇంట పచ్చ. అచ్చియ్యమ్మ గారింట ఎర్ర. ఆవిడ కుండ ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయారు. రెండు ఒక మాట మీద ఉన్నాయి కాబట్టి మా వీధి గదులు మళ్ళీ మావయ్యాయి. దానంతట అదే కుదుటపడిందని కచేరీలో ప్రకటించారు. అధ్యక్షుల వారి ఇంటినుంచి భాగ్యవతి ఒక్కతే ఇంకా రాలేదు. అక్కడ తిండి బాగుందట. నీళ్ళ వంతుల దస్త్రం ఏమైందో ఎవరికీ తెలియదు. ఎవరూ గట్టిగా అడగడం లేదు. మళ్ళీ ఎవరిదైనా ఉపన్యాసం బయటపడుతుందని భయం.

బాపిరాజు గారు ఈ పలకలన్నీ చదివి చాలా సంతోషించారు. ఎన్నో రకాలుగా చూసినా కలవని కుండ, ఇల్లాలు భర్త పేరు గట్టిగా చెప్పగానే కలిసింది కాబట్టి, ఇకమీదట దాన్ని పద్ధతిలో చేరుస్తారట. పాత్ర మార్చాలి, చోటు మార్చాలి, అప్పటికీ కలవకపోతే పొరుగింటి గుమ్మంలో నిలబడి పేరు చెప్పాలి. అది పెరుగుకి సంబంధించింది కాదండీ అని చెప్పబోయాను. ఆయన అప్పటికే రాసేసుకున్నారు.

"ఏ పేరుతో పనిచేసిందో అది కూడా ఉండాలమ్మా. ఇంకో ఊళ్ళో కుండ తేడా చేస్తే అదే పేరు వాడి చూస్తాం. ఇక్కడ రాయి" అని పలక నా ముందు పెట్టారు.

రెండో పలకలో చెరిపిన పేరు వారికి కనబడలేదనుకుంటాను. నేను రాయనని చెప్పాను. ఎందుకని అడిగితే, కారణం మటుకు రాస్తానన్నాను. ఈ పలక రేపు కచేరీలో పెరుగులోకి వెళుతుంది. ఆ పెరుగు మూడిళ్ళవాళ్ళు రోజూ తింటారు. ఆయన పేరు ఇంకొకళ్ళు అన్నంలో కలుపుకోవడం నాకు ఇష్టం లేదు.